ఒక్క చింతగింజకి ఎన్ని మరమరాలు?

యుద్ధకాలపు తిరుగుబాటు సినిమాల మీద ప్రభుత్వం చట్టం ఎందుకు చేసిందో చాలామందికి తెలీదు. కారులో జరిగిన ఒక గొడవ వల్ల చేసింది.

ఒక మంత్రిగారు ఓ ఆదివారం ఇంటిల్లిపాదినీ తీసుకుని అలాంటి సినిమాకి వెళ్లారు. పరాయి సైన్యం ఊరిని ఆక్రమిస్తుంది, జనం ఎదురు తిరుగుతారు, చివర్లో హీరోని గోడకి ఆనించి కాల్చేస్తారు. హీరో పడిపోగానే మంత్రిగారి భార్య చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారి కొడుకు రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. ఎందుకంటే హీరో స్లో మోషన్‌లో పడ్డాడు, వెనక డప్పులు మోగాయి, ఆ పడడం నిజంగానే అదిరిపోయింది.

"మనిషి చచ్చిపోతుంటే ఈలలేంట్రా, సిగ్గులేదూ?" అని దారిపొడుగునా తల్లి.

"మరి ఆయన్ని అంత స్టైలుగా చావమని ఎవరన్నారు?" అని కొడుకు.

మధ్య సీట్లో మంత్రిగారు. ఇల్లు చేరేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఒకే సినిమా చూసి ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు రకాలుగా అనిపించిందంటే, తప్పు కచ్చితంగా సినిమాదే.

అలా పుట్టింది వినోద గాంభీర్య సమతౌల్య మండలి. "యుద్ధకాల ప్రతిఘటన ఇతివృత్తముగా గల ప్రతి చలనచిత్రమునందును వినోదము, నైతిక గాంభీర్యము సమపాళ్లలో ఉండవలెను" అన్నది దాని మొదటి నిబంధన. రెండో నిబంధన లేదు.

మండలికి అధ్యక్షుడిగా త్రయంబకరావు గారిని వేశారు. ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కిరాణా కొట్లలో తక్కెడలు తనిఖీ చేస్తూ జీవితమంతా గడిపిన మనిషి, సినిమాలు చూసే అలవాటు బొత్తిగా లేదు. అందుకే నిష్పక్షపాతంగా ఉంటారని వేశారు. ఆయన వచ్చీ రాగానే ఒక నిపుణుల సంఘాన్ని వేశారు. ఆ సంఘం రెండు చల్లని దేశాలు తిరిగొచ్చి నివేదిక ఇచ్చింది. గాంభీర్యం బరువైనది, వినోదం తేలికైనది, ఇది లోకమంతా ఒప్పుకున్న విషయం, కాబట్టి రెండింటినీ తూచవచ్చు అని. వెంటనే మండలి ప్రివ్యూ హాల్లో నిలువెత్తు ఇత్తడి తక్కెడ వెలిసింది. తెర మీద గంభీరమైన సీను వస్తే ఎడమ పళ్లెంలో ఒక చింతగింజ వేస్తారు. వినోదం వస్తే కుడి పళ్లెంలో ఒక మరమరం వేస్తారు. సినిమా అయ్యేసరికి ముల్లు నిటారుగా నిలబడాలి.

ఇందులో ఉన్న చిక్కు ఒక్క చింతగింజనీ, ఒక్క మరమరాన్నీ చేతిలోకి తీసుకున్న ఎవరికైనా తెలుస్తుంది. ఒక్క గింజకి గుప్పెడు మరమరాలు కావాలి. అంటే తెర మీద ఒకడు దేశం కోసం ప్రాణం ఇస్తే, ఇంకోచోట జనం గుప్పెడుసార్లు నవ్వాలి.

ఈ సంగతి మాకు తెలిసే నాటికి మా షూటింగ్ అయిపోయి, గుమ్మడికాయ కూడా కొట్టేశాం.

మా సినిమా పేరు 'రుబ్బురోలు'. డైరెక్టర్ భానోజీ అన్నది శ్రీకాకుళం వైపు. నేను ఆయన దగ్గర అసిస్టెంట్‌ని, ఇది నా మొదటి సినిమా, కాబట్టి ఇది ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమా అని నేనంటే నమ్మకపోయినా ఫర్వాలేదు. కథ చిన్నది. ఏదో యుద్ధం, ఏదో పరాయి సైన్యం, సముద్రం పక్కన ఒక ఊరు. అక్కడ సూరమ్మ అనే ఆవిడ ఇడ్లీ హోటల్ నడుపుతుంటుంది. సైనికులు రోజూ అక్కడే తింటారు. ఆవిడ రోలు కింద గోతిలో తిరుగుబాటుదారుల రేడియో దాచి ఉంటుంది. ఒకరోజు సైనికులు ఆవిడ కొడుకుని పట్టుకొచ్చి ముందు నిలబెట్టి, "వీడు నీ కొడుకేనా?" అంటారు. అవునంటే హోటలంతా తవ్వేస్తారు, రేడియో దొరుకుతుంది, ఊరు మొత్తం పోతుంది. సూరమ్మ తలెత్తదు. "ఎవరో నాకు తెలీదు" అని పప్పులో కాసిని నీళ్లు పోసి పొత్రం తిప్పుతూనే ఉంటుంది. వాళ్లు అబ్బాయిని తీసుకుపోతారు. ఆవిడ తిప్పుతూనే ఉంటుంది. పప్పు ఎప్పుడో మెదిగిపోయింది. ఆపితే ఏడుపొస్తుంది కాబట్టి ఆపదు. అంతే సీను. పాట లేదు, డైలాగ్ లేదు, పొత్రం చప్పుడు ఒక్కటే.

ఆ సూరమ్మ వేషం వేసింది తెనాలి తాయారు గారు.

ఇక్కడ కాస్త ఆగాలి. తాయారు గారంటే ఎవరు? సినిమాల్లో జారి పడే ఆవిడ. అరటితొక్క మీద, సబ్బునీళ్ల మీద, పెళ్లి పందిట్లో, ఆసుపత్రిలో, ఓసారైతే కోర్టు బోనులో కూడా ఆవిడ జారి పడ్డారు. ఆవిడ తెర మీద కాలు పెట్టగానే, పడకముందే జనం నవ్వేస్తారు. బయట కూడా అంతే. కూరగాయల కొట్టు దగ్గర ఆవిడ వంకాయలు ఏరుకుంటుంటే ఎవరో ఫోన్ పట్టుకుని వచ్చేస్తారు. "అమ్మా, ఒక్కసారి పడరా, ప్లీజ్, మా పాప నవ్వుతుంది." ఆవిడ మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. అయినా పాప ఉంటే పడేవారు.

భానోజీ అన్న కథ చెప్పడానికి వెళ్లినప్పుడు తాయారు గారు విని, పారితోషికం మాట ఎత్తలేదు. ఒక్కటే అడిగారు.

"ఇందులో నేనెక్కడ పడాలి బాబూ?"

"ఎక్కడా పడరండి."

"ఎక్కడా?"

"ఎక్కడా లేదండి."

ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసి, "ఒక్క సినిమా చాలయ్యా. ఒక్క సినిమాలో నన్ను చూసి ఎవరూ నవ్వకుండా ఉంటే చాలు, ఇక నే చచ్చేదాకా ఎక్కడ పడమంటే అక్కడ పడతా" అన్నారు.

రోలు సీను తీసిన రోజు భానోజీ అన్న కట్ చెప్పడం మర్చిపోయాడు. కెమెరా వాళ్లు ఆపడం మర్చిపోయారు. ఆవిడ మాత్రం ఎవరూ చెప్పలేదు కదా అని రుబ్బుతూనే ఉన్నారు. మర్నాడు యూనిట్ మొత్తానికి ఆ పిండితో వేసిన గారెలే టిఫిన్.

సరే, మండలికి వద్దాం.

మొదటి ప్రదర్శనకి త్రయంబకరావు గారు ముందు వరసలో కూర్చున్నారు. తక్కెడ పక్కన పరిశీలకుడు ఏకాంబరం, రెండు డబ్బాలు పట్టుకుని. సినిమా సగం అయ్యేసరికే ఎడమ పళ్లెం నేలకి ఆనింది. కుడి పళ్లెంలో సైనికుడు చట్నీ ఎక్కువడిగిన సీనుకి పడిన మరమరాలు ఓ ఆరేడు, గాలికి అటూఇటూ దొర్లుతున్నాయి.

"వినోదాంశము మిక్కిలి కొరవడినది" అన్నారు త్రయంబకరావు గారు. "తదనుగుణంగా పూరించవలెను."

"ఏటి పెట్టమంటారు సార్?" అన్నాడు భానోజీ అన్న.

"ఏది పెట్టవలెనో మండలి చెప్పదు. ఎంత పెట్టవలెనో చెప్పును. సుమారు ఒక తవ్వెడు."

తవ్వెడు మరమరాలకి సరిపడా వినోదం! మేం మళ్లీ సెట్ వేశాం. ఆక్రమణ సైన్యం చేత స్టెప్పులు వేయించాం. సేనాధిపతికి ఒక చిలకని పెట్టాం. అది ఆయన యుద్ధరహస్యాలన్నీ బజార్లో అరుస్తుంటుంది. తిరుగుబాటుదారులు రాత్రివేళ వంతెన పేల్చడానికి వెళ్తూ దారిలో ఒక యుగళగీతం పాడుకుంటారు. వంతెన వాళ్లకోసం ఎదురుచూస్తుంది.

రెండో ప్రదర్శనలో ముల్లు దాదాపు నిటారుగా వచ్చింది. ఇంటర్వెల్‌లో మేమంతా టీకి వెళ్లి తిరిగొచ్చేసరికి ఎడమ పళ్లెం మళ్లీ కిందకి దిగిపోయి ఉంది. కుడి పళ్లెం దగ్గర ఉల్లిపాయ తొక్కలు, పిండేసిన నిమ్మచెక్క కనబడ్డాయి. ఏకాంబరం గారు మూతి తుడుచుకుంటున్నారు.

"సార్! ఈయన మా వినోదం తినేశారు!" అని నేను అరిచాను.

"పొద్దుట్నించీ ఏం తినలేదమ్మా" అన్నాడు ఏకాంబరం. "అయినా మీ చిలక కామెడీ మరీ చప్పగా ఉంది. కాస్త కారం తగిలిస్తే గానీ..."

త్రయంబకరావు గారు తక్కెడ వంకే చూస్తున్నారు. "వినోదము ఏ విధముగా తగ్గినది అన్నది అప్రస్తుతము. తగ్గినది. పూరించండి."

ఇంకో పాట తీశాం.

మూడో ప్రదర్శన వానాకాలంలో పడింది. మండలి భవనం కురుస్తుంది. డబ్బాలో మరమరాలు తేమకి మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుపోయి, ముద్దలు ముద్దలుగా పళ్లెంలో పడ్డాయి. కుడి పళ్లెం ఢామ్మని దిగింది.

"వినోదము మితిమీరినది" అన్నారు అధ్యక్షుడు. "గాంభీర్యము పెంచుడు. అదనముగా ఇద్దరు మరణించిన చాలును."

"ఎవర్ని సంపమంటారు సార్? ఇప్పటికే ఊర్లో మనుషులు అయిపోనారు" అన్నాడు భానోజీ అన్న ఏడుపుగొంతుతో.

"అది మీ సృజనాత్మక స్వేచ్ఛ. మండలి జోక్యము చేసుకొనదు."

చిలకని చంపాం. దానితో పెద్ద సమస్య వచ్చింది. చిలక చావు చింతగింజా, మరమరమా? ఉపసంఘం వేశారు. 'సదరు పక్షి దేశభక్తితో మరణించినదా, లేక వయోభారముచేత మరణించినదా తెలుపవలెను' అని మాకు తాఖీదు వచ్చింది.

"సిలకేటి, దేశభక్తేటి!" అని భానోజీ అన్న తల పట్టుకున్నాడు. అప్పటికి అన్నకి గడ్డం పెరిగింది, నిద్రలో స్టెప్పులు వేస్తున్నాడు. నిర్మాత మా ఫోన్లు తీయడం మానేశాడు. ఇంకోసారి తిరిగొస్తే డబ్బా అటకెక్కుతుందని అందరికీ తెలుసు.

అప్పుడు త్రయంబకరావు గారు మమ్మల్ని పిలిచి, మొదటిసారి నవ్వారు. మాకు కాఫీ కూడా ఇప్పించారు.

"మీ సమస్యకు పరిష్కారము లభించినది. మీరు చేర్చినవన్నియు తీసివేయుడు. పాటలు, చిలక, సమస్తము. మొదట తెచ్చిన చిత్రమే చాలును."

మేం కుర్చీల్లోంచి లేచిపోయాం.

"ఆ రోలు దృశ్యమునందు నటించినది ఎవరు? తెనాలి తాయారు. ఆమె ఎవరు? హాస్యనటి. హాస్యనటి తెరపై ఉన్నచో అది హాస్యము. ఇన్నాళ్లుగా ఆ సుదీర్ఘ దృశ్యమును మనము పొరపాటున చింతగింజలలో వేయుచున్నాము. దానిని ఇటు మార్చిన, ముల్లు నిటారు."

ఆయన లేచి, ఎడమ పళ్లెంలోంచి ఆ గింజలు తీసేసి, కుడి పళ్లెంలో మరమరాలు పోసి చూపించారు. ముల్లు నిటారుగా నిలబడింది. అంత అందంగా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు.

"కాకపోతే ఒక్క షరతు. అది హాస్యమని రుజువు కావలెను. విడుదల రోజున మండలి సమక్షములో ప్రేక్షకులు ఆ దృశ్యమునకు నవ్వవలెను. నవ్వనిచో అనుమతి రద్దు."

భానోజీ అన్న బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాడు. "ఒప్పుకుంటే ఆవిడ్ని సంపినట్టు. ఒప్పుకోకపోతే సినిమాని సంపినట్టు. నానేటి సెయ్యాలి, మధూ?"

ఇద్దరం తాయారు గారింటికి వెళ్లాం. ఆవిడ మోకాళ్లకి వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చున్నారు. అన్న చెప్పలేక, చెప్పి, నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ సంచి పక్కన పెట్టారు.

"విడుదల చెయ్యవయ్యా."

"అమ్మా, జనం నవ్వాలంట..."

"చిన్నప్పట్నించీ జనాన్ని నవ్విస్తానే ఉన్నా. పడితే నవ్వారు, ముక్కు పగిలితే నవ్వారు, ఒకసారి నిజంగా కాలిరిగితే ఇంకా బాగా నవ్వారు. కానీ అబ్బాయ్, నవ్వమని చెప్తే నవ్విన జనాన్ని మాత్రం నేనింతవరకూ చూళ్లేదు." ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకున్నారు. "ఒకవేళ నవ్వారనుకో, అప్పుడు నా మొహం ఇంతేనని ఊరుకుంటా. కానీ నేనక్కడ ఉండాలి. నా చెవులతో వినాలి."

విడుదల రోజు పొద్దుటాట. బయట వాన. తాయారు గారు మొహానికి మాస్కు, తలమీంచి కొంగు, మధ్య వరసలో నా పక్కన. పైన బాల్కనీలో తక్కెడతో సహా మండలి. హాలు రెండు వైపులా మండలి సిబ్బంది చేతుల్లో వెలిగే బోర్డులు. వాటి మీద 'నవ్వుడు' అని పెద్ద అక్షరాలు. హాలు నిండింది. ముందు వరసల్లో కాగితం ముక్కల సంచులతో కుర్రాళ్లు, ఆటోవాళ్లు.

తెర మీద సూరమ్మ ఇడ్లీ పాత్ర పట్టుకుని గడప దాటి వచ్చింది.

హాలంతా గొల్లుమంది.

ఆవిడేమీ చేయలేదు. ఊరికే నడిచింది. అయినా నవ్వారు. "పడుతది సూడు, పడుతది!" అని ఎవరో అరిచారు. పక్కన తాయారు గారు సీట్లో ఇంకా ఇంకా కిందికి జారారు. బాల్కనీలో త్రయంబకరావు గారు తృప్తిగా మరమరాలు వేసుకుంటున్నారు. భానోజీ అన్న తలుపు దగ్గర నిలబడి గోళ్లు అయిపోయి వేళ్లు కొరుక్కుంటున్నాడు.

సూరమ్మ పడలేదు. తర్వాతి సీన్లోనూ పడలేదు. జనం కాసేపు ఎదురుచూసి, పడదని అర్థమై, మెల్లిగా కథలో పడ్డారు.

రోలు సీను వచ్చింది. కొడుకుని తెచ్చి నిలబెట్టారు. "వీడు నీ కొడుకేనా?"

"ఎవరో నాకు తెలీదు."

బోర్డులు ఒక్కసారిగా వెలిగాయి. నవ్వుడు. నవ్వుడు. నవ్వుడు.

ఎవరూ నవ్వలేదు. పొత్రం చప్పుడు. మండలి సిబ్బంది నియమం ప్రకారం తామే మొదలుపెట్టారు, "హ హ హ" అని, వరసగా, పాఠం అప్పచెప్పినట్టు.

ముందు వరసలోంచి ఒక ఆటో ఆయన లేచాడు, ఖాకీ చొక్కా. "అరే ఓ సారూ! ఆ లైటు ఆపుండ్రి జర! అమ్మ కనబడ్తలేదు!"

"ప్రభుత్వ ఉత్తర్వు!" అన్నాడు బోర్డు పట్టుకున్నాయన.

"నీ ఉత్తర్వు బయట వెట్టుకో పో! ఆమె కొడుకును గుంజుకపోతుంటే నవ్వాల్నా?"

"ష్‌ష్!" అని హాలు మొత్తం ఇద్దర్నీ కసిరింది. ఒకాయన తన కండువా తీసి బోర్డు మీద కప్పేశాడు. రెండో వైపు ఒక పెద్దావిడ గొడుగు తెరిచి అడ్డం పెట్టింది. ఒక్కో బోర్డూ అలా ఆరిపోయింది. కాగితం ముక్కలు విసరాల్సిన కుర్రాళ్లు సంచులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. పొత్రం తిరుగుతూనే ఉంది.

నేను వెనక్కి తిరిగి బాల్కనీ వంక చూశాను. త్రయంబకరావు గారు గుప్పిట్లో మరమరాలు పట్టుకుని, చెయ్యి పళ్లెం మీద గాల్లో ఉంచి, అలాగే ఉండిపోయారు. కళ్లజోడు కిందనుంచి నీళ్లు ధారగా కారి గడ్డం మీదుగా పళ్లెంలోకి పడుతున్నాయి. పక్కన ఏకాంబరం ఇంకా ఘోరంగా ఏడుస్తున్నాడు, వంగి, సరిగ్గా ఆ పళ్లెం మీదే. మరమరాలు నానాయి. నాని ముద్దయ్యాయి. కుడి పళ్లెం మెల్లిగా, మర్యాదగా, కిందకి దిగి ఆగింది.

సినిమా అయ్యాక అధ్యక్షుడు ముక్కు చీదుకుని, తక్కెడ చూసి, నిర్ణయం చదివారు. "ప్రేక్షకులు నవ్వలేదు. నియమము ప్రకారము అనుమతి రద్దు కావలెను. కానీ తక్కెడ ప్రకారము ఈ చిత్రమున వినోదము మోతాదు మించినది. మించినది గనుక ప్రేక్షకులు నవ్వియుండవలెను. తక్కెడ అబద్ధమాడదు. మండలి ఈ వైరుధ్యమును లోతుగా పరిశీలించవలసి ఉన్నది. అందాక చిత్రము ఆడుగాక."

తర్వాత భానోజీ అన్నని పక్కకి పిలిచి, "పరిశీలన నిమిత్తము మధ్యాహ్నం ఆటకు రెండు టిక్కెట్లు దొరుకునా?" అన్నారు. "మా ఆవిడ కూడా వచ్చును."

తాయారు గారికి ఇవేవీ పట్టలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని బయటికి నడిచారు. మాస్కు ఎప్పుడో జారిపోయింది. వరండాలో జనం ఆవిడ్ని చూసి గుర్తుపట్టారు. ఆవిడ అలవాటుగా ఆగి, ఎవరైనా ఫోన్ తీస్తారేమోనని మొహాన నవ్వు తెచ్చుకుని నిలబడ్డారు. ఎవరూ తీయలేదు. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు.

మెట్ల మీద వాననీళ్లు నిలిచి ఉన్నాయి. ఇందాకటి ఆటో ఆయన కింద నిలబడి ఉన్నాడు. పరుగున పైకొచ్చి, చెయ్యి ఇవ్వాలా వద్దా అని తడబడి, చివరికి తన చొక్కా అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"పైలంగ దిగు అమ్మా. మెట్లు తడిగున్నయ్. జారి పడతవ్."

తాయారు గారు ఒక్కో మెట్టూ చూసుకుంటూ, రెయిలింగ్ పట్టుకుని, కొత్తగా నడక నేర్చుకుంటున్నట్టు కిందికి దిగారు. ఆఖరి మెట్టు మీద ఆగి నా వైపు తిరిగారు. కళ్లు నిండుగా ఉన్నాయి, మొహమంతా నవ్వు.

"విన్నావటే అమ్మాయ్? పడొద్దంటన్నాడు."